ఆరో నంబరు గాజుపళ్లెం

పదకొండుకి పిలుస్తామన్నారు. గోడ గడియారంలో పదీ ఐదు. ప్రిన్సిపాల్ గది బయట బల్ల మీద కూర్చోమన్నారు, కూర్చున్నాడు. ఈ బల్లని ఇరవై మూడేళ్లుగా ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి వరండాలోకి మోసింది అతనే, కాలు ఊడితే మేకులు కొట్టింది అతనే, దీని మీద కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. కూర్చున్నాక తెలిసింది ఎడమ పక్క కుంటుతోందని. మేకు వంకరగా దిగుంటుంది. అంటే ఇన్నాళ్లూ దీని మీద కూర్చున్నవాళ్లంతా కాస్త ఒరిగే కూర్చున్నారన్నమాట, హాజరు తక్కువైనవాళ్లూ, కాపీ కొట్టి దొరికినవాళ్లూ, వాళ్ల తరఫున తిట్లు తినడానికి వచ్చిన తండ్రులూ. ఒక్కడూ బల్ల కుంటుతోందని చెప్పలేదు. ఎలా చెప్తాడు, ఇక్కడిదాకా వచ్చి కూర్చున్నవాడికి బల్ల గురించి నోరెత్తే ధైర్యం ఎక్కడుంటుంది.

లోపల కాగితం సిద్ధంగా ఉంది. అందులో ఏముందో గుమాస్తా నిన్న సాయంత్రమే చెవిన వేశాడు, సైకిల్ స్టాండు దగ్గర, ఎవరూ చూడకుండా, తానేదో మేలు చేస్తున్నట్టు. "ఒక్క సంతకం బాబూ. పరీక్ష హాల్లో ఆ అమ్మాయికి ఆరో నంబరు జవాబు నువ్వే అందించావని, పొరపాటైందని, క్షమించమని. పెట్టేశావా, హెచ్చరికతో పోతుంది. పెట్టలేదా, నీది ఏటా పొడిగించే ఉద్యోగమే గదా, ఈసారి పొడిగించరు. అంతే." అంతే అట. మరి ఆ పిల్ల సంగతేమిటని అడిగితే గుమాస్తా స్టాండు తీసి సైకిలెక్కాడు. "కాపీ కింద లెక్క. ఏడాది పోతుంది. చిన్నదే గదా, మళ్లీ రాసుకుంటుంది." ఎవరి ఏడాది పోతే వీడికేం, వీడి జుట్టుకు రంగు పోకుండా ఉంటే చాలు.

ఎదురుగా కిటికీ కింద గోడకి పాచి పట్టింది. లోపలి ఏసీ గొట్టంలోంచి చుక్క చుక్క పడుతుంది, ఆ చుక్క జారిన దారంతా అరచేయి వెడల్పున పచ్చగా, దగ్గరికెళ్లి చూస్తే మెత్తటి మఖమల్ లాగా. చూసేవాళ్లకి మరక. సున్నం వేసేవాళ్లు గీకి పారేస్తారు, ఆరునెలలకి మళ్లీ వస్తుంది. పుస్తకంలో దీన్ని మాస్ అంటారు. వేరు లేదు, గోడని పట్టుకోవడానికి నూలుపోగుల్లాంటివి నాలుగు ఉంటాయి అంతే, అవి తాగవు, పట్టుకుంటాయి. తాగేది ఒళ్లంతా. ఆకు అనే ఆ పొర ఒక్క కణం మందం, తడి తగిలిందా పీల్చుకుంటుంది, ఎండ తగిలిందా ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది, మళ్లీ చుక్క పడగానే లేస్తుంది. లోపల గొట్టాలు లేవు. అందుకే వేలి కణుపు కంటే ఎత్తు లేవదు. గొట్టాల సంగతి అతనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నాన్న చేసిన పనే అది. మేడలకి గొట్టాలు బిగించేవాడు, చెవి గొట్టానికి ఆనించి నీళ్లు ఎక్కడ ఆగాయో చెప్పేవాడు. అలాంటివాడు ఒకనాడు ట్యాంకు నిచ్చెన మీంచి జారి మోకాలు చితగ్గొట్టుకున్నాడు. ఏడో తరగతి పుస్తకాలు గూట్లో పెట్టి పానాల సంచీ భుజాన వేసుకున్నాడు తను. ఏం లేదు, ఒక్క నెల, నా కాలు బాగయ్యేదాకా అన్నాడు నాన్న. ఆ నెల ముప్ఫై తొమ్మిదేళ్లయినా పూర్తి కాలేదు.

ఈ కాలేజీకి వచ్చింది కూడా గొట్టం పనికే. మొక్కల షెడ్డులో తుంపర పడే గొట్టాలు బిగించాలన్నారు, నాలుగు రోజుల పని. నాలుగో రోజున పక్కగది కిటికీలోంచి వృక్షశాస్త్రం పెద్దసారు గొంతు వినబడింది, అప్పటికి ఇంకా పెద్దసారు కాలేదు, జుట్టు నల్లగా ఉండేది. మొక్కలు రెండు రకాలు అంటున్నాడు, లోపల నాళాలు ఉన్నవి, లేనివి. నాళాలంటే గొట్టాలే, వేరు నించి నీళ్లు పైకి మోసేవి ఒకటి, ఆకులో వండింది కిందకి దింపేది ఒకటి. పానా పట్టుకుని నిలబడిపోయాడు. నిచ్చెనెక్కకుండా, మోటారు లేకుండా, నాలుగు నిలువుల ఎత్తుకి నీళ్లు ఎక్కించే మేస్త్రీ ఎవడో చూడాలనిపించింది. చూశాడు కూడా. ఆ తర్వాత అటెండర్ పని ఖాళీ ఉందంటే చేరిపోయాడు. ఫెర్న్ కాడని బంగాళదుంప ముక్క మధ్య ఇరికించి బ్లేడుతో కోస్తే, ఉల్లిపొర కంటే పల్చగా కోస్తే, ఎర్రరంగులో ముంచి సూక్ష్మదర్శిని కింద పెడితే గొట్టాలన్నీ ఎర్రగా వెలుగుతాయి. కాలేజీలో అంత పల్చగా కోసే చెయ్యి ఇంకోటి లేదు. ఆ రంగు గోళ్ల సందుల్లో ఇంకిపోయి ఇక పోనేపోదు. ఇంట్లో అన్నం కలుపుతుంటే పెళ్లాం కసురుతుంది, హత్య చేసొచ్చినవాడి చేతుల్లా ఉన్నాయని.

పొద్దున కూడా కసిరింది. కుట్టుమిషను తొక్కుతూనే, తల ఎత్తకుండా. "ఏమయ్యా, ఎవరి పిల్లో, మనకేమవుతుంది? మన పిల్లైతే వాళ్లెవరన్నా ఉద్యోగం వదులుకునేవాళ్లా?" అతను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "నువ్వు చెప్పావా చెప్పలేదా హాల్లో?" "చెప్పలేదు." "మరి చెప్పానని రాసిస్తే నీ సొమ్మేం పోతుంది, అబద్ధం రాసేది వాళ్లు గదా." మిషను ఆగింది. దారం తెంపి, పళ్లతో కొరికి, అప్పుడు చూసింది. "సరే, నీ ఇష్టం. వచ్చేటప్పుడు మొహం మాడ్చుకుని మాత్రం రాకు, నేను చూడలేక చస్తాను." ఆవిడ అంతే. తిట్టాల్సింది తిట్టి, చివర తలుపు వారగా తీసి ఉంచుతుంది.

నిమ్న మొక్కలు అంటాడు పెద్దసారు, ఏటా అదే పాఠం, అదే పసుపెక్కిన నోట్సు, అదే చోట దగ్గు. కింది తరగతి మొక్కలు. మ్యూజియం బీరువాలో కూడా అలాగే సర్దించాడు, అట్టడుగు అరలో పాచి మొక్కలు, దాని పైన ఫెర్న్‌లు, ఆ పైన విత్తనాన్ని పండులో దాచుకోకుండా శంకువు మీద బట్టబయలుగా పెట్టుకునే చెట్లు, అందరికంటే పైన పువ్వులు. అడుగు అర తుడవాలంటే వంగాలి. వంగేది అతనొక్కడే. ఒంగి ఒంగి తుడుస్తూ ఆలోచించాడు, ఇందులో కిందేమిటి, పైనేమిటి అని. నీళ్లలోంచి నేల మీదికి మొదట కాలు పెట్టింది ఇవి. అప్పటికి ఈ నేల మీద నీడనేదే లేదు. ఏ గొట్టమూ లేకుండా, ఏ వేరూ లేకుండా, ఎండిపోతే పోతాం అని వచ్చేశాయి. నీళ్ల బాకీ మాత్రం తీరలేదు వాటికి. పెళ్లికి ఇప్పటికీ నీళ్లే కావాలి, మగకణం ఈదుకుంటూ పోవాలి ఆడకణం దగ్గరికి, వానచుక్క పొరంత నీరైనా చాలు. కలిశాయా, తల్లి నెత్తి మీదే బిడ్డ మొలుస్తుంది, సన్నటి పుల్ల, పుల్ల చివర డొప్ప, తల్లి పెట్టింది తింటూ నించుంటుంది, ఎండకి డొప్ప మూత ఊడి పొడి రాలుతుంది, ఆ పొడి ఇంకో గోడ వెతుక్కుంటుంది. ఇప్పుడు ఈ కిటికీ కిందా లేచి ఉన్నాయి ఆ పుల్లలు, వెంట్రుకల్లా. గీకినవి మళ్లీ మొలిస్తే సున్నం వేసేవాడు ఎవడికి ఫిర్యాదు చేస్తాడు.

గడియారం పదిన్నర దాటింది. లోపల కప్పులు గలగలమన్నాయి. గుమాస్తా తల బయటపెట్టి "టీ అయ్యాక" అన్నాడు, తలుపు మూశాడు. అతనికి కూడా ఓ కప్పు ఇవ్వాలని ఎవడికీ తట్టదు.

ఆ అమ్మాయి, కళ్లజోడు పిల్ల, మొదట షెడ్డుకి వచ్చింది మూడు నెలల కిందట. అందరూ అతన్ని వెనకనుంచి పాచి బాబాయ్ అంటారు, ఆ పిల్ల మొహం మీదే అనేసి నాలిక కరుచుకుంది. "బాబాయ్ అంటే చాల్లే అమ్మాయ్, పాచి నేను కడుక్కుంటాను" అన్నాడు. నవ్వింది. అప్పుడు అతను ఫెర్న్ పొడి చల్లుతున్నాడు. పండిన ఆకు కోసి రెండ్రోజులు వార్తాపత్రిక మడతలో పెడితే, ఆకు వెనకున్న గోధుమరంగు చుక్కలు పగిలి పొడి రాలుతుంది, ముక్కుపొడి కంటే మెత్తగా. ఇటుక ముక్కలూ మట్టీ ఉడకబెట్టి, చల్లార్చి, ట్రేలో పరిచి, ఆ పొడి ఊపిరి బిగపట్టి చల్లి, పైన గాజుపలక మూస్తాడు. పైనుంచి నీళ్లు పోయకూడదు, ట్రేని నీళ్ల తొట్టిలో పెడితే కిందనుంచి తాగుతుంది. ఇది ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకోలేదు, పదకొండు ట్రేలు కుళ్లబెట్టి నేర్చుకున్నాడు. "ఇందులోంచి ఫెర్న్ వస్తుందా బాబాయ్?" "రాదు. వేరేది వస్తుంది. దాంట్లోంచి ఫెర్న్ వస్తుంది." కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుంది. "పుస్తకంలో బొమ్మ ఉంది, అరచేయంత." "పుస్తకం వాళ్లకి కాగితం ఎక్కువుంది. నువ్వు రా, చూపిస్తా."

వచ్చింది. వారం వారం వచ్చింది, క్లాసు ఎగ్గొట్టి కాదు, మధ్యాహ్నం తినే టైములో, డబ్బా పక్కన పెట్టి. మూడు వారాలకి మట్టి మీద ఆకుపచ్చ ఆవిరి లాంటిది. రెండు నెలలకి కందిబద్దంత పలకలు, పైన చిన్న నొక్కుతో, హృదయం ఆకారంలో. భూతద్దం పెట్టి గంటలు గంటలు చూసేది. "గొట్టాలు లేవే దీనికి" అంది ఒకరోజు, తనంతట తనే. లేవు మరి. ఇంత ఫెర్న్ మొక్క, కాండంలో అన్ని గొట్టాలున్న మొక్క, దాని జీవితంలో సగం ఇది, అంచుల్లో ఒక్క కణం మందం, వేరు లేదు, గొట్టం లేదు, కింద నాలుగు నూలుపోగులు, అచ్చం పాచి బతుకు. నొక్కు దగ్గర ఆడవి, నూలుపోగుల మధ్య మగవి, ఒక్కసారి పైనుంచి తుంపర కొడితే ఈదుకుంటూ పోయి కలుస్తాయి, అప్పుడు అందులోంచి చుట్టచుట్టుకున్న మొదటి ఆకు లేస్తుంది. కొట్టకపోతే నెలల తరబడి అలాగే ఉంటాయి, చావవు, ఎదగవు. ఆ పిల్ల అడిగింది, "మరి పూలమొక్కలకి ఈ దశ లేదా?" "ఉంది. లోపల దాచుకున్నాయి. అండంలో, నాలుగు కణాలో ఎనిమిది కణాలో, ఎవరికీ కనబడకుండా." పై అరకి వెళ్లేకొద్దీ ఆ పాచి రోజుల్ని అంత లోపలికి దాచుకుంటాయి. అది ఆ పిల్లతో అనలేదు. అనవలసింది.

నేర్పడం అంటే ఏమిటో. అర్హత ఉన్నవాడు చెబితే పాఠం, లేనివాడు చెబితే జవాబు అందించడం.

పరీక్ష రోజు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి లోపల పెద్దసారు ఉన్నాడు, ప్యాంటు అంచు తడవకుండా ఎత్తి పట్టుకుని. ఎనిమిది నమూనాలు బల్ల మీద పెట్టాలి, ఒక్కోదానికీ నంబరు, పిల్లలు చూసి ఏమిటో, ఏ వర్గమో రాయాలి. ఆరో నంబరు లివర్‌వర్ట్, నేల మీద పలకల్లా పాకే పాచి చుట్టం. లివర్‌వర్ట్ ట్రే సెలవుల్లో నీళ్లు కట్టేస్తే ఎండిపోయింది, ఆ సంగతి తను కాగితం రాసి మరీ ఇచ్చాడు. ఆయన కాగితం చదవలేదు, ట్రేల మీద చీటీలు చదవలేదు, పక్క ట్రేలో పచ్చగా పలచగా నేలకంటుకుని ఉన్నవి చూశాడు, ఆఁ ఇదే అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా సీసాల్లో మొక్కలు చూపించి పాఠం చెప్పిన మనిషి. సీసాలో మందులో ఏది వేసినా ఏడాదికి టీ రంగుకి తిరుగుతుంది, లివర్‌వర్ట్ బతికుంటే ఎలా ఉంటుందో, ఫెర్న్ బాల్యం కందిబద్దంత ఉంటుందో అరచేయంత ఉంటుందో ఆయన కళ్లతో ఎన్నడూ చూడలేదు. "అది లివర్‌వర్ట్ కాదండి, ఫెర్న్ పిల్లలు. నేను వేసినవే" అన్నాడు. పెద్దసారు అప్పటికే పట్టకారుతో నాలుగు పలకలు గాజుపళ్లెంలో వేస్తున్నాడు. "లివర్‌వర్ట్ ఏదో, ఫెర్న్ ఏదో నాకు నువ్వు చెప్తావా? గ్లాసులు కడిగావా?" కడిగాను అన్నాడు. అది ఒక్కటే తప్పు అతనిది. ఇంకోసారి అనాల్సింది, హాలు గుమ్మంలో అడ్డం నిలబడి అనాల్సింది, కడిగాను అన్నాడు.

హాల్లో గోడవార నిలబడ్డాడు, నీళ్ల జగ్గు పట్టుకుని. నలభై ఒక్కమంది. నలభైమంది ఆరో నంబరు దగ్గర వంగి, లేచి, లివర్‌వర్ట్ అని రాసి ముందుకి కదిలారు. కళ్లజోడు పిల్ల వంగింది, కదల్లేదు. భూతద్దం అడిగింది. లివర్‌వర్ట్ అయితే మధ్యలో ఈనె ఉండాలి, పలక రెండుగా చీలుతూ పోవాలి, మీద చిన్న గిన్నెలుండాలి, గిన్నెల్లో పచ్చటి రవ్వలుండాలి, వానచుక్క పడితే చిమ్మేవి. ఇక్కడ ఒక్క నొక్కు. ఒక్కసారి తల ఎత్తి అతని వైపు చూసింది. అతను జగ్గులోకి చూశాడు. అంతే జరిగింది, దేవుడి సాక్షిగా అంతే, ఆ చూపు కూడా పట్టుకోలేదు. ఆ పిల్ల వంగి, ఫెర్న్ తొలి దశ అని రాసుకుంది. సున్నా వచ్చింది, ఆ సున్నాతో రెండు మార్కులు తక్కువై పరీక్ష పోయింది, ఫిర్యాదు రాసిచ్చింది, ట్రే తెప్పించి చూడండి అని కూడా రాసింది. ఆ ఫిర్యాదు నోరు నొక్కడానికే పుట్టింది, అటెండరు హాల్లో అందించాడన్న కథ. మర్నాడు పొద్దున అతను వచ్చేసరికి ట్రే కడిగి, బోర్లించి, ఎండలో ఆరబెట్టి ఉంది. ఇరవై మూడేళ్లలో ఆ షెడ్డులో అతను కాక ఇంకొకరు ట్రే కడగడం అదే మొదలు. ఇటుక ముక్కలు కూడా లేవు. ఎంత శుభ్రంగా కడిగారో, చేతకాని పనిలో అంత శ్రద్ధ.

కాబట్టి ఇప్పుడు మిగిలింది ఒక్కటే, ఇతని మాట. చెయ్యి చాచితే అందే దూరంలో ఉంది, చవగ్గా పోతుంది కూడా, ఒక్క గీత. షెడ్డు ఉంటుంది, బ్లేడు ఉంటుంది, ఇంకో ట్రే వేసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. నాన్న ఉంటే పెట్టేయమనేవాడేమో. ఆ నిచ్చెన మెట్టు పుచ్చిందని ముందురోజే తెలుసట ఆయనకి, మేస్త్రీతో ఎందుకులే తగువు అని ఎక్కాడు. ఆ ముక్క చివర్లో, మంచం మీద, నవ్వుతూ చెప్పాడు. నవ్వడమెందుకు నాన్నా అందులో.

తలుపు తెరుచుకుంది. "రా" అన్నాడు గుమాస్తా.

లోపల ముగ్గురు. ప్రిన్సిపాల్, పెద్దసారు, పరీక్షకి బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకురాలు. ఆవిడ ముందు ఆ రోజు జవాబుల జాబితా ఉంది, అందులో ఆవిడ సంతకం ఉంది, పళ్లెం వైపు చూడకుండా పెట్టిన సంతకం. పెద్దసారు ఫోన్ చూసుకుంటున్నాడు. గుమాస్తా కాగితం బల్ల అంచుకి జరిపి, పక్కన వేలిముద్రల స్టాంపు ప్యాడ్ మూత తీసి పెట్టాడు.

"కానివ్వు, పెద్ద పనేం కాదు" అన్నాడు ప్రిన్సిపాల్.

"చదవనివ్వండి."

చదివాడు. తీరిగ్గా, వేలు కింద పెట్టుకుని, వాళ్లకి విసుగొచ్చేంత నెమ్మదిగా. పేరు. పని, తాత్కాలిక అటెండర్. విద్యార్హత, ఏడో తరగతి. పరీక్ష సమయంలో సదరు విద్యార్థినికి జవాబు చెప్పింది నేనే. నా పొరపాటును మన్నించ ప్రార్థన.

పెద్దసారు స్టాంపు ప్యాడ్‌ని ఒక వేలితో ముందుకి తోశాడు. "వెయ్యి."

"రాయడం వచ్చండి నాకు. పెన్నివ్వండి."

గుమాస్తా జేబులోంచి తీసిచ్చాడు. అతను నిలబడే వంగాడు. పరీక్ష సమయంలో అన్న మాటలు కొట్టేశాడు, అడ్డంగా, ఒక్క గీత. పైన రాశాడు, మూడు నెలల ముందు నుంచి, మొక్కల షెడ్డులో. జవాబు చెప్పింది కొట్టేసి నేర్పింది అని రాశాడు. నేనే అన్నది ఉంచాడు. పొరపాటూ, మన్నించడమూ రెండు గీతలతో కొట్టేశాడు, అక్కడ కాగితం కాస్త చిరిగింది. ఏడో తరగతి జోలికి పోలేదు, అది నిజమే. అడుగున ఇంకో రెండు వాక్యాలు చేర్చాడు. ఆరో నంబరు ఫెర్న్ మొక్క తొలి దశ, వేసింది నేను, పరీక్షకి ముందే సారుకి చెప్పాను. హాల్లో ఆ అమ్మాయి తన కళ్లతో చూసి రాసింది. సంతకం పెట్టాడు. గోళ్ల సందుల ఎరుపు కాగితం మీద ఒకచోట అంటింది.

పెద్దసారు ముందు చదివాడు. మెడ దగ్గర రంగు మారింది. "దీంతో నీ పని అయిపోయింది, తెలుసా?"

"తెలుసండి."

"రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నాడు ప్రిన్సిపాల్, కిటికీ వైపు చూస్తూ.

పరీక్షకురాలు చెయ్యి చాపి కాగితం తీసుకుంది. చదివింది, మళ్లీ మొదటినుంచి చదివింది. కళ్లెత్తి అతన్ని చూసింది, ఈ గదిలోకి వచ్చాక అతన్ని చూసింది ఆవిడొక్కతే. "పలకకి మధ్యలో ఈనె ఉందా?"

"లేదండి."

"గిన్నెలు?"

"లేవు."

"మేడం, వీడు చెప్పిన మాట..." అన్నాడు పెద్దసారు.

ఆవిడ జవాబుల జాబితా దగ్గరికి లాక్కుంది. ఆరో గీత కొట్టేసి, పక్కన ఫెర్న్ అని రాసి, తన పొట్టి సంతకం చేసింది. పెన్ను మూత బిగించింది. తర్వాత, ఎవరినీ ఉద్దేశించనట్టు అడిగింది. "ఇన్ని నెలలు కూర్చుని ఆ అమ్మాయికి ఎందుకు నేర్పావు? నీ పని కాదు గదా."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"అడిగిందండి" అన్నాడు. "ఇరవై మూడేళ్లు ఈ కాలేజీలో ఉన్నాను. ఇంకెవరూ అడగలేదు."

పెన్ను గుమాస్తాకి తిరిగిచ్చి, ఎవరి సెలవూ తీసుకోకుండా బయటికి నడిచాడు.